మా సెక్షన్ సార్ మీద ఫిర్యాదు పెడితే ఏం జరిగింది: నా అనుభవం

ఇదంతా నీలిరంగు నీళ్ళతో మొదలైంది.

జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో బ్లిస్టర్ మెషిన్, అంటే మాత్రలను స్ట్రిప్పుల్లో పెట్టి అతికించే మెషిన్ ఆపరేటర్‌ని నేను. 2016లో చేరాను. ఇంకా అక్కడే చేస్తున్నాను కాబట్టి కంపెనీ పేరూ, మనుషుల పేర్లూ రాయను. స్ట్రిప్పులు సరిగ్గా అతుక్కున్నాయో లేదో చూడటానికి మా దగ్గర లీక్ టెస్ట్ చేస్తారు. కొన్ని స్ట్రిప్పులు తీసి, మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్ళలో ముంచి, మూత బిగించి వ్యాక్యూమ్ పెడతారు. బయటికి తీసి తుడిచి, ఒక్కో గుంటా విప్పి చూస్తారు. మాత్ర మీద నీలం మరక ఉంటే సీలింగ్ ఎక్కడో తప్పినట్టే. 2023 జూలై 11, మంగళవారం 'ఏ' షిఫ్టులో, అంటే పొద్దుటి షిఫ్టులో, మూడు గుంటల్లో నీలం కనబడింది. మెషిన్ ఆపేశాను. ఆపడం నా డ్యూటీ. వేడి సరిచేసి, మళ్ళీ టెస్టు చేయించి, నడిపించేసరికి 40 నిమిషాలు పోయాయి.

సెక్షన్ ఇన్‌ఛార్జి సార్ అప్పుడే వచ్చారు. జూన్‌లో వేరే ప్లాంటు నుంచి మా దగ్గరికి వచ్చిన మనిషి. మొదటి నెలంతా "అమ్మా" అనే పిలిచేవారు. ఆ రోజు 22 మంది ముందు, "ఎవరినడిగి ఆపినవ్? నువ్వేమన్నా మహారాణివా, నీకు బుద్ధి పుట్టినప్పుడల్లా మెషిన్ ఆగాల్నా?" అన్నారు. లీక్ చూపించబోతే స్ట్రిప్పు చేతిలోంచి లాక్కుని రిజెక్షన్ డబ్బాలో పడేశారు.

అప్పటినుంచి నా పేరు మహారాణి. షిఫ్టు మొదలవగానే, "మహారాణిగారు వేంచేసిండ్రా?" అనేవారు. కొందరు నవ్వేవాళ్ళు. నవ్వనివాళ్ళు తల వంచుకునేవాళ్ళు. ఆ తల వంచుకోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించేది.

రోజూ అరుస్తాడనుకుంటే పొరపాటు. అరుపు వారానికి ఒకసారే. మిగతాదంతా సప్పుడు లేకుండా జరుగుతుంది. భోజనం టైంకు రిలీవర్‌ని, అంటే నా బదులు మెషిన్ చూసే మనిషిని, పంపరు. మెషిన్ వదిలి వెళ్తే తప్పు, వెళ్ళకపోతే ఆకలి. బీ షిఫ్టు రాత్రి 10కి అయిపోతే, ఇంటికి చేరేసరికి 10:45. తెల్లారి ఏ షిఫ్టుకు రమ్మని రాత్రి తొమ్మిదింటికి లైన్ మీదే చెప్పేవారు. సిగ్నల్ గడ్డ దగ్గర కంపెనీ బస్సు 5:10కి వస్తుంది, అంటే నాలుగింటికి లేవాలి. ఇక బాత్రూమ్ సంగతి. మా దగ్గర లోపలికి పోవాలంటే టోపీ, మాస్కు, గౌను, షూ కవర్లు వేసుకోవాలి. బయటికొస్తే అన్నీ విప్పాలి, మళ్ళీ కొత్తవి వేసుకోవాలి. ఎంత తొందరపడ్డా పది నిమిషాలు. సార్ తలుపు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడి, "12 నిమిషాలు, రాయండి" అని పక్కమ్మాయితో రాయించేవారు. ఆ సిగ్గుకు నీళ్ళు తాగడమే తగ్గించాను. ఆగస్టు మూడో వారానికి మూత్రంలో మంట, జ్వరం. ప్రైవేటు డాక్టరుకు 300, టెస్టులకు 650, మందులు వేరే.

ఇంట్లో చెప్తే మా ఆయన, "మానేయ్, ఇంకోటి చూసుకుందాం" అన్నాడు. ఆటో నడుపుతాడు, ఆయన సంపాదన ఏ నెల ఎంతో చెప్పలేం. నా చేతికి 16 వేల చిల్లర వస్తుంది, అందులో 6,200 ఇంటి అప్పు కిస్తీకే పోతుంది. మా అత్తమ్మ మాత్రం, "ఆడంటే అన్నడు, చెవులు మూస్కో బిడ్డా" అంది. ఆమె కూలికి పోయిన రోజుల్లో మేస్త్రీలు ఇంతకంటే ఎక్కువే అన్నారట. నిజమే కావచ్చు, కానీ నాకైతే చెవులు మూసుకుపోలేదు.

మొదటి మెమో ఆగస్టు 22న వచ్చింది. "విధుల్లో నిర్లక్ష్యం, అనుమతి లేకుండా లైన్ వదలడం" అని. మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆఫీసులో గుమాస్తా మంచిగానే చెప్పినట్టు చెప్పాడు: "ఏం గాదక్కా, తప్పయింది, ఇంకోసారి జరగదు అని రాసివ్వు, ఫైల్ క్లోజ్ అయితది." రాసిచ్చాను. ఈ మొత్తం కథలో నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని అదే. ఫైల్ క్లోజ్ అవ్వలేదు, నేను తప్పు ఒప్పుకున్నట్టు ఫైలులో కూర్చుంది.

మా పెద్దమ్మ కొడుకు ఆర్టీసీలో కండక్టరు. యూనియన్‌లో తిరిగినవాడు, చార్జిషీట్లు తినీ తినీ అనుభవం వచ్చినవాడు. రాఖీ కట్టడానికి వెళ్ళినప్పుడు చెప్పుకొని ఏడ్చాను. అప్పటికే నేను మా పాప పాత నోట్‌బుక్‌లో రోజూ రాసుకుంటున్నా. ఫోన్ లాకర్లో పెట్టి లోపలికి పోవాలి కాబట్టి రికార్డింగ్ అనే మాటే లేదు. అన్న ఆ నోట్‌బుక్ తిరగేసి పక్కన పెట్టాడు. "ఇదంతా నీ బాధ చెల్లే. ఘోరంగ తిట్టిండు, మనసు విరిగింది అని రాసినవ్. గీ మాటతోని ఎవడేం చేస్తడు? ఏమన్నడో అదే మాట రాయి. ఎన్నింటికి, ఏ మెషిన్ కాడ, పక్కన ఎవరున్నరు. తిట్టుడు పక్కకు పెట్టి ముందుగాల్ల షిఫ్టులు రాయి. ఎప్పుడు లోపలికి పోయినవ్, ఎప్పుడు బయటికొచ్చినవ్." ఇంకోటి కూడా చెప్పాడు. ఏ కాగితం ఇచ్చినా కింద "అందినది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి, కాపీ తీసుకోవాలి. ఒప్పుకుంటున్నట్టు ఒక్క ముక్క కూడా రాయొద్దు.

ఆ రోజు నుంచి నా రాత మారింది. బస్సులో కూర్చోగానే మొదటి పని అదే. "సెప్టెంబర్ 2. ఏ షిఫ్టు. ఇన్ 5:48. అన్నానికి రిలీవర్ లేడు. అవుట్ 2:20. నిన్న బీ షిఫ్టు, అవుట్ 10:09." రాత పొడిగా ఉండేది గానీ, రాశాక కొంచెం ఊపిరి ఆడేది.

సెప్టెంబర్ 4, సోమవారం హెచ్ఆర్ మేడమ్ దగ్గరికి వెళ్ళి నోటితో చెప్పాను. ఆమె విన్నది. మొదటి ప్రశ్న: "చెయ్యి వేశాడా? అసభ్యంగా ఏమైనా మాట్లాడాడా?" లేదన్నాను. అలాంటిది ఉంటే ఇంటర్నల్ కమిటీ ఉందట, పనిచోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులకు సంబంధించిన 2013 చట్టం ప్రకారం పెట్టింది, దానికి గడువులు, విచారణ అన్నీ ఉన్నాయట. "ఇది అందులోకి రాదు. నేను మాట్లాడతాలే" అంది. బయటికొచ్చాక ఒకామె చెవిలో, "చూపు మంచిగ లేదని ఒక ముక్క కలుపు, ఉరుకుతరు" అంది. నేను కలపలేదు. జరగనిది రాస్తే నా నోట్‌బుక్‌లో ఉన్న నిజం కూడా అబద్ధం అయిపోతుంది. పైగా, కావాలని తప్పుడు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. రేపు నిజంగా అలాంటిది జరిగిన పిల్ల పోయి చెప్తే ఎవరు నమ్ముతారు?

నోటి ఫిర్యాదు ఎంత దూరం పోతుందో మర్నాడే తెలిసింది. నేను మేడమ్‌తో అన్న మాటలు అవే మాటలుగా సార్ నోట్లోంచి వచ్చాయి. "అన్నం పెడ్తలేనట. మహారాణికి అన్నం మనమే తినిపియ్యాలె." ఆ తర్వాత మెషిన్ మీద నుంచి తీసేసి షిప్పర్ ప్యాకింగ్‌కు పంపారు, అట్టపెట్టెలు మోసే పని. సెప్టెంబర్ 13న రెండో మెమో, 26న మూడోది. ఐదు వారాల్లో మూడు మెమోలు, ఏడేళ్ళలో అంతకుముందు ఒక్కటీ లేదు. ఈ రెండింటికీ జవాబు తెలుగులోనే రాశాను. ఇంగ్లీషులో ఇవ్వమన్నారు. "నాకొచ్చిన భాషలో ఇస్తున్నా సార్" అని టేబుల్ మీద పెట్టి, కాపీ మీద ముద్ర వేయించుకునేదాకా అక్కడే నిలబడ్డాను. 35 నిమిషాలు పట్టింది. కాళ్ళు వణికాయి, అది వేరే విషయం.

అక్టోబర్ మొదటి వారంలో బస్సు హారన్ వింటేనే వాంతి వచ్చినట్టు అయ్యేది. ఒక రాత్రి 11:30కి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని, మనసు బాగాలేనివాళ్ళకు ప్రభుత్వం పెట్టిన నంబరు. 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు. తెలుగులోనే మాట్లాడిందో అమ్మాయి, దాదాపు అరగంట. దారి ఏమీ చూపించలేదు, కానీ నన్ను "అతి చేస్తున్నావ్" అనని మొదటి మనిషి ఆమె. డాక్టరుకు చూపించుకోమంది. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) డిస్పెన్సరీలో బీపీ 150/100. ఏడు రోజులు రెస్టు రాశారు. జీతం 21 వేల లోపు కాబట్టి నాకు ఈఎస్ఐ ఉంది. ఇక్కడొక సంగతి ముందు తెలియదు. సిక్ లీవుకు ఈఎస్ఐ ఇచ్చేది జీతంలో 70 శాతం, అందులోనూ మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. ఐదు రోజులకు 2,200 చిల్లర, ఐదు వారాలకు అకౌంట్లో పడింది.

ఆ రెస్టులోనే అక్టోబర్ 16, సోమవారం ప్రజావాణిలో, అంటే కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, అర్జీ ఇద్దామని మహబూబ్‌నగర్ కలెక్టరేట్‌కు వెళ్ళాను. ఆటో దిగి చూస్తే ఖాళీ. 9వ తేదీనే ఎన్నికల షెడ్యూల్ వచ్చింది, కోడ్ అమల్లో ఉంది, ప్రజావాణి లేదు. ఆ మాత్రం ముందే తట్టకపోయిందే అని నన్ను నేనే తిట్టుకున్నా. ఖాళీగా వెనక్కి పోబుద్ధి కాక, అడుగుతూ అడుగుతూ లేబర్ ఆఫీసుకు పోయాను. గంటన్నర బెంచీ మీద కూర్చున్నాక పిలిచారు. అక్కడి సార్ నోట్‌బుక్ మొత్తం చూసి, "అమ్మా, తిట్టుడుకు మా దగ్గర సెక్షన్ లేదు. జీతం ఆపితే రా, పనిలోంచి తీసేస్తే రా" అన్నారు. లేవబోతుంటే, "మీ ఫ్యాక్టరీల గ్రీవెన్స్ కమిటీకి రాసిచ్చినవా?" అని అడిగారు.

అలాంటిది ఉంటుందని ఏడేళ్ళలో నాకు తెలియదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 9-సి అని ఉండేది, 2010లో చేర్చారు. దాని ప్రకారం 20 మంది, ఆపైన కార్మికులున్న చోట వాళ్ళ ఫిర్యాదులు వినే ఈ కమిటీ ఉండాలి. సగం మంది యాజమాన్యం వైపు, సగం మంది కార్మికుల వైపు. రాతపూర్వకంగా ఇచ్చిన రోజు నుంచి 45 రోజుల్లో తేల్చాలని ఉండేది. తేల్చినది నచ్చకపోతే యాజమాన్యానికి అప్పీలు చేసుకునే వీలుండేది, వాళ్ళకు నెల గడువు ఉండేది. ఆ సార్ ఇదంతా ఒక చిత్తుకాగితం వెనక రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

డ్యూటీకి పోయాక వెతికితే కమిటీ పేర్లు నిజంగానే ఉన్నాయి, టైమ్ ఆఫీసు బోర్డు మీద, మంటలార్పే పోస్టరు కింద సగం కప్పబడి. నలుగురు సభ్యులు. కార్మికుల వైపు ఇద్దరిలో ఒకాయన ఉద్యోగం మానేసి సౌదీ వెళ్ళి ఏడాది దాటింది.

నవంబర్ 3న అర్జీ రాశాను, రెండు పేజీలు. అన్న ఫోన్‌లోనే నాతో నాలుగుసార్లు తిరగరాయించాడు. "మహారాణి" గురించి ఒక్క వాక్యమే ఉంచాడు, నాకు కోపం వచ్చింది. అసలు నొప్పి అదే కదా! మిగతా అంతా లెక్కలే. బీ షిఫ్టు అయిన మర్నాడే ఏ షిఫ్టుకు రప్పించింది 11 సార్లు, తేదీలతో. రిలీవర్ లేకుండా ఐదు గంటలకు మించి మెషిన్ నడిపించింది 14 రోజులు. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఐదు గంటలకు మించి పని చేయించాలంటే మధ్యలో అరగంట విరామం ఇవ్వాల్సి ఉండేది. కౌంటర్‌లో ఇస్తే తీసుకున్నట్టు ముద్ర వేయలేదు, "మేడమ్ లేరు" అన్నారు. అదే రోజు పోస్టాఫీసుకు పోయి అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి రిజిస్టర్ పోస్టు చేశాను. యాభై రూపాయలు కూడా కాలేదు. నాలుగో రోజు కార్డు తిరిగొచ్చింది, దాని మీద కంపెనీ ముద్ర.

ఆ తర్వాత నెల రోజులు ఏమీ లేదు. 30న పోలింగ్, సెలవు. డిసెంబర్ 6న మొదటిసారి కూర్చోబెట్టారు. సౌదీ వెళ్ళినాయన చోట కొత్తగా ఒకమ్మాయిని వేశారు, అంతే సంతోషం. సార్ కూడా వచ్చారు, తెల్ల షర్టు వేసుకుని, చాలా మర్యాదగా. "ఆమె మా బెస్ట్ ఆపరేటర్ సార్, కొంచెం సెన్సిటివ్" అన్నారు. తర్వాత ఒక కాగితం పెట్టారు. తను ఎవరినీ తిట్టలేదని ముగ్గురు ఆపరేటర్లు సంతకం చేశారు. మూడో సంతకం మా వదినది. సొంత వదిన కాదు, మా ఊరి వైపు మనిషి, ఏడేళ్ళు ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం. ఆ సంతకం వంక చూస్తూ ఉంటే వాళ్ళు అడిగిన ప్రశ్న వినబడలేదు, రెండోసారి అడిగారు.

తిట్టాడా లేదా అన్న మాట అక్కడితో పోయింది. నేను ఒక్కదాన్ని, వాళ్ళు నలుగురు. అప్పుడు అన్న చెప్పినట్టే అడిగాను: "తిట్టుడు పక్కన పెట్టండి సార్. జూలై, ఆగస్టు మెషిన్ లాగ్‌బుక్ తెప్పించండి. నా పంచింగ్ తీయించండి." డిసెంబర్ 14న రెండోసారి కూర్చున్నప్పుడు రెండూ టేబుల్ మీద ఉన్నాయి. మందుల కంపెనీలో లాగ్‌బుక్ అంటే మాటలు కాదు. ఒక గీత కొట్టేయాలన్నా పక్కన సంతకం, తేదీ ఉండాలి, పేజీ చింపడానికి లేదు. ఆ పేజీల్లో ఉదయం 6:20కి మెషిన్ స్టార్ట్, మధ్యాహ్నం 1:50కి స్టాప్. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ప్రతి గంటకూ ఉన్న సంతకం నాదొక్కదానిదే. కింద తనిఖీ చేసినట్టు సంతకం ఎవరిది? సార్‌దే. టార్గెట్ చూపించుకోవడానికి ఆయన రాయించిన లెక్కే అది. కార్మికుల వైపు అమ్మాయి ఆ పేజీ తిప్పి, "మరి ఈమె అన్నం ఎప్పుడు తిన్నది సార్?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. బయటికొస్తుంటే సార్ ఫోన్ మోగింది. అవతలివాళ్ళు అరుస్తున్నది నాదాకా వినబడింది, ఏదో డిస్పాచ్ లేటయిందని. ఆయన "ఎస్ సార్, ఎస్ సార్" అంటూ గోడవైపు తిరిగారు. జాలి పడ్డానా అంటే, లేదు. కానీ అది చూశాను.

45 రోజులు డిసెంబర్ 18కి అయిపోయాయి. 19న మళ్ళీ లేబర్ ఆఫీసుకు పోయి గడువు దాటిందని కాగితం ఇచ్చి వచ్చాను. 9వ తేదీ నుంచే ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టారు, బస్సులో నిలబడటానికి జాగా లేదు. 23న, అంటే 50వ రోజు, ఒక పేజీ ఉత్తరం చేతికిచ్చారు. రెండు, మూడు మెమోలు ఉపసంహరణ. మొదటిది ఉంటుంది, ఎందుకంటే "కార్మికురాలు అంగీకరించినది". షిఫ్టు చార్టు ప్రతి శనివారం బోర్డు మీద పెట్టాలి, రిలీవర్ పేరుతో సహా. సార్‌కు "తగిన సలహా ఇవ్వబడింది". తిట్టిన మాట, క్షమాపణ, మహారాణి... వీటి ఊసే లేదు.

సంక్రాంతి తర్వాత ఆయన్ని పక్క బ్లాకుకు మార్చారు, పరిపాలనా కారణాల వల్ల అని. నేను అంతకు ముందే, 2024 జనవరి 8న, మళ్ళీ మెషిన్ మీదికి వచ్చాను. క్యాంటీన్‌లో ఎదురుపడితే ఆయన పక్కకు చూస్తారు, నా కడుపులో ఇప్పటికీ ఒక్క క్షణం తిప్పుతుంది. ఆయన బ్లాకులో కొత్తగా చేరిన పిల్లొకామె మొన్న లాకర్ల దగ్గర ఏడుస్తూ కనబడింది. నా దగ్గర రాయని నోట్‌బుక్ ఒకటుంటే ఇచ్చాను. మొదటి మెమో మీద అప్పీలు పెట్టాను, నెల దాటింది, జవాబు లేదు.

ఖర్చు ఎంతయిందని అడుగుతారు కాబట్టి చెప్తున్నా. డాక్టరు, టెస్టులు, మందులు కలిపి 1,400. జిరాక్సులు 180. డిసెంబర్‌కు ముందు బస్సులు, ఆటోలు ఓ నాలుగొందలు. పోయిన జీతమే పెద్దది. సిక్ లీవులో తగ్గింది, ఆఫీసుల చుట్టూ తిరిగిన మూడు రోజులది కలిపి నాలుగు వేలకు దగ్గర.

వదినతో చాలా రోజులు మాటల్లేవు. తన కొడుకు కూడా ఇక్కడే ట్రైనీగా చేరాడని, అందుకే సంతకం పెట్టిందని వేరేవాళ్ళు చెప్పారు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. శనివారం సాయంత్రం చార్టు అంటించగానే బోర్డు దగ్గర నిలబడి వచ్చే వారం షిఫ్టులు నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోవడం నాకు అలవాటైపోయింది. పోయిన శనివారం రాసుకుంటుంటే పక్కకొచ్చి నిలబడింది. కాసేపు చార్టు వంకే చూసింది.

"నాది గూడ రాయవా," అంది. "కండ్లద్దాలు తేలే."

కొత్త పేజీ తీశాను.